చెవితో చదివే కోడ్

ప్రోగ్రామ్ రాయడం మొదట్లో తెరతో సంబంధం లేని పని. 1950లు, 60లలో కంప్యూటరుకు ఆదేశాలు అట్టముక్కల మీద చిల్లులుగా వెళ్లేవి, జవాబు లైన్ ప్రింటరు నుంచి కాగితం మీద వచ్చేది. అట్ట మీది చిల్లు వేలికి తగులుతుంది. ప్రోగ్రాములో అసలు శ్రమంతా బుర్రలో జరిగేదే. అందుకే చూపులేనివాళ్లకు ఇది అందరాని వృత్తేమీ కాదని అమెరికాలో కొందరు అప్పుడే గుర్తించారు. సిన్సినాటిలో థియోడర్ స్టెర్లింగ్ 1960లలో వాళ్లకు ప్రోగ్రామింగ్ శిక్షణ ఇచ్చే ప్రయత్నానికి పూనుకున్నాడు. కంప్యూటర్ నిపుణుల సంస్థ ఏసీఎం ఇందుకోసం ఒక ప్రత్యేక సంఘాన్నే ఏర్పాటు చేసింది. ప్రింటరు ఇచ్చిన కాగితాన్ని చదువుకోవడానికి ఒక తేలిక ఉపాయం కూడా దొరికింది. కాగితం వెనక మెత్తటి రబ్బరు పట్టీ పెట్టి, ప్రింటరు చేత ఫుల్‌స్టాప్ గుర్తును గట్టిగా కొట్టిస్తే కాగితం ఉబ్బుతుంది. ఆ ఉబ్బులను బ్రెయిలు చుక్కల క్రమంలో పడేలా చేస్తే మామూలు ప్రింటరే బ్రెయిలు యంత్రమయ్యేది.

1971లో ఆప్టకాన్ బజారులోకి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ లిన్‌విల్ చూపులేని తన కూతురు మామూలు పుస్తకాలు చదువుకోవాలని తలపెట్టిన పరికరం అది. ఒక చేత్తో చిన్న కెమెరాను అక్షరాల మీద నడుపుతుంటే, రెండో చేతి చూపుడువేలి కింద 144 సన్నని సూదులు ఆ అక్షరం ఆకారంలోనే అదిరేవి. తెర మీది అక్షరాలు చదవడానికి దానికి విడిగా ఒక కటకం కూడా ఉండేది. అక్షరం వెంట అక్షరం, అదీ ఒక్క వేలితో చదవాలి. అయినా ఎవరి సాయమూ అడగకుండా తన ప్రోగ్రామును తానే చదువుకునే వీలు కలగడం చిన్న విషయం కాదు.

ఈ చరిత్రలో ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. కంప్యూటరు అక్షరాలతో పనిచేసినంత కాలం చూపులేనివాళ్లు దానికి దగ్గరగా ఉన్నారు. బొమ్మలకు మళ్లిన ప్రతిసారీ బయటికి నెట్టబడ్డారు. ఆ తర్వాత దారి వేసుకున్నది చాలాసార్లు వాళ్లే.

అసలైన దగ్గరితనం అక్షరాలతో నడిచే డాస్ కాలంలో వచ్చింది. ఐబీఎం పీసీ తెర మీద 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు ఉండేవి. తెర మీద ఏ గడిలో ఏ అక్షరం ఉందో మెమరీలో అదే క్రమంలో నిలిచి ఉండేది. ఆ మెమరీని తీసుకుని మాట్లాడే యంత్రానికి పంపితే చాలు, తెర చదివినట్టే. ఐబీఎం పరిశోధకుడు జిమ్ థాచర్, చూపులేని తన సహోద్యోగి జెస్సీ రైట్‌తో కలిసి ఈ దారిలోనే నడిచాడు. వాళ్లు తయారుచేసిన సాఫ్ట్‌వేరుకు ఐబీఎం పెట్టిన పేరు 'స్క్రీన్ రీడర్'. తర్వాత అదే ఆ జాతి సాఫ్ట్‌వేరు అంతటికీ పేరైంది. 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న టెడ్ హెంటర్ ఇంజనీరు, మోటారుసైకిల్ పందేల ఆటగాడు. ప్రమాదం తర్వాత ప్రోగ్రామింగ్ నేర్చుకుని 1987లో హెంటర్-జాయిస్ సంస్థను పెట్టాడు. రెండేళ్లకు అక్కడినుంచి జాస్ అనే స్క్రీన్ రీడర్ వచ్చింది. డాస్‌లో ఎడిటరూ కంపైలరూ రెండూ అక్షరాలతోనే నడిచేవి. చూపున్న ప్రోగ్రామరు ముందున్న తెరా, చూపులేని ప్రోగ్రామరు చెవిలో పడే తెరా ఒకటే. ఆ సమానత్వం మళ్లీ ఇంతవరకు పూర్తిగా తిరిగి రాలేదు.

విండోస్ వచ్చి దాన్ని చెదరగొట్టింది. తెర మీద కనిపించేది ఇప్పుడు అక్షరం కాదు, చుక్కలతో గీసిన అక్షరం బొమ్మ. చదవడానికి మెమరీలో అక్షరం లేదు. స్క్రీన్ రీడర్లు రాసేవాళ్లు ఒక కష్టమైన దారి పట్టారు. ప్రోగ్రాము తెర మీద ఏదైనా గీయమని విండోస్‌ను అడిగిన ప్రతిసారీ ఆ ఆదేశాన్ని మధ్యలోనే పట్టుకుని, తెరకు సమాంతరంగా తమ లెక్క ఒకటి రాసుకున్నారు. 1995లో వచ్చిన జాస్ ఫర్ విండోస్ ఇలాగే పనిచేసింది. 1997లో మైక్రోసాఫ్ట్ యాక్టివ్ యాక్సెసిబిలిటీ వచ్చాక కొంత తేలికైంది. తెర మీది ప్రతి వస్తువూ తన పేరేమిటో, తాను బటనో మెనూనో, నొక్కి ఉందో లేదో తానే చెప్పుకునే ఏర్పాటు అది. అయితే చెప్పించే బాధ్యత ఆ ప్రోగ్రాము రాసినవాడిదే. వాడు పేరు పెట్టడం మరిచిపోతే స్క్రీన్ రీడర్ 'బటన్' అని మాత్రమే పలుకుతుంది. ఏం బటనో నొక్కి చూసుకోవాల్సిందే. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత కూడా చూపులేని ప్రోగ్రామర్లు రోజూ వినే మాట అది.

ప్రోగ్రామర్లకు తగిలిన దెబ్బ ఇంకా లోతైనది. విజువల్ బేసిక్ లాంటి పరికరాల్లో కొత్త ప్రోగ్రాముకు రూపం ఇవ్వడమంటే మౌసుతో బటన్లనూ పెట్టెలనూ లాగి ఒకచోట వదలడం. చూపులేనివాళ్లు ఒక్కో బటను ఎడమ నుంచి ఎంత దూరంలో, పైనుంచి ఎంత దూరంలో ఉండాలో అంకెలు లెక్కగట్టి ప్రాపర్టీల జాబితాలో టైపు చేసేవారు. రెండు బటన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయేమో చెప్పేవాడు పక్కన లేకపోతే తెలిసేది కాదు. డాస్ కాలంలో ఉద్యోగాల్లో కుదురుకున్నవాళ్లు ఈ మార్పుతో తమ పనికే పరాయివాళ్లయ్యారు.

సరిగ్గా ఈ రోజుల్లోనే ఒక భారతీయుడు సమస్యను మరో వైపు నుంచి పట్టుకున్నాడు. టి.వి. రామన్ పుణెలో పెరిగాడు. పద్నాలుగో ఏట గ్లాకోమాతో చూపు పోయింది. పుణె విశ్వవిద్యాలయంలో గణితం, ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్స్ చదివి అమెరికాలోని కార్నెల్‌కు వెళ్లాడు. అక్కడ 1994లో పూర్తిచేసిన పరిశోధన గణిత సమీకరణాలను చెవికి అర్థమయ్యేలా చదివించడం మీద. దానికి ఏసీఎం ఉత్తమ డాక్టరేట్ పురస్కారం దక్కింది. మరుసటి ఏడాది ఈమాక్‌స్పీక్‌ను విడుదల చేశాడు. ప్రోగ్రామర్లు తరతరాలుగా వాడుతున్న ఈమాక్స్ ఎడిటరుకు ఇచ్చిన గొంతు అది.

రామన్ వాదన సూటిగా ఉంటుంది. స్క్రీన్ రీడర్ తెర మీద పడిన ఫలితాన్ని చదువుతుంది, అది ఎందుకు అక్కడ పడిందో దానికి తెలియదు. నెల క్యాలెండరు మీద కర్సరు ఉంటే అది అంకెల వరుసలు చదువుకుంటూ పోతుంది. వినేవాడికి కావలసింది అంకెలు కావు, 'ఫలానా వారం, ఫలానా తేదీ' అన్న ఒక్క మాట. అందుకని ఈమాక్‌స్పీక్ తెర వైపు చూడదు, ఎడిటరు లోపల కూర్చుంటుంది. ఈమాక్స్ రాసిన లిస్ప్ భాషలో, ఉన్న ఫంక్షన్‌ను ముట్టుకోకుండానే దానికి అదనపు పని అంటించే వీలుంది. రామన్ దాన్నే పట్టుకుని, కర్సరు జరిపే ప్రతి ఫంక్షన్‌కూ 'జరిపాక చెప్పు' అని తగిలించాడు. కోడ్‌లో చూపున్నవాళ్లకు కీలక పదాలు ఒక రంగులో, వ్యాఖ్యలు మరో రంగులో కనిపిస్తాయి కదా, ఈమాక్‌స్పీక్‌లో అవి వేర్వేరు గొంతులతో వినిపిస్తాయి. ఫైలు తెరుచుకున్నా మూసుకున్నా చిన్న శబ్దం తెలియజేస్తుంది. రామన్ తర్వాత అడోబీలో, ఐబీఎంలో, 2005 నుంచి గూగుల్‌లో పనిచేశాడు. ఈమాక్‌స్పీక్‌ను మాత్రం తన రోజువారీ పనిముట్టుగా ఉంచుకుని దశాబ్దాల పాటు కొత్త రూపాలు విడుదల చేస్తూనే వచ్చాడు. ఈ రంగంలో ఇంతటి మేలిమి ఆలోచన మరొకటి లేదని చెప్పడం అతిశయోక్తి కాదు. కోడ్‌ను విన్నవాడికి అందవలసింది తెర కాదు, కోడ్ నిర్మాణం అని అది మొదటిసారి చేసి చూపించింది.

నిర్మాణం అన్న మాట ఇక్కడ ఎందుకు ముఖ్యమో చెన్నై టి. నగర్ తెలిసినవాళ్లు తేలిగ్గా ఊహించగలరు. రంగనాథన్ వీధిలో ఒక్కో కొట్టు పేరు మాత్రమే వింటూ నడిచే మనిషికి పక్కనున్న కొట్టు తెలుస్తుంది గానీ ఉస్మాన్ రోడ్డు ఎంత దూరమో, పానగల్ పార్కు ఎటువైపో తెలియదు. స్క్రీన్ రీడర్‌తో వెయ్యి వరుసల ప్రోగ్రాములోకి దిగడం అలాంటిదే. ఇప్పుడు ఏ వరుసలో ఉన్నదీ తెలుస్తుంది. ఏ ఫంక్షన్‌లో, ఎన్నో లూప్ లోపల ఉన్నదీ గుర్తుపెట్టుకోవడం మనిషి పని. పైథాన్‌లో ఈ కష్టం రెట్టింపవుతుంది. ఆ భాషలో వరుస మొదట వదిలిన ఖాళీయే వ్యాకరణం, ఖాళీకేమో చప్పుడు లేదు. నాలుగు ఖాళీలున్న వరుసకూ ఎనిమిది ఖాళీలున్న వరుసకూ తేడా వినపడేలా చేయడానికి స్క్రీన్ రీడర్లలో విడిగా ఏర్పాట్లు చేయవలసి వచ్చింది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో ఆ ఖాళీని మాటల్లో చెప్పించుకోవచ్చు, లేదా లోపలికి వెళ్లేకొద్దీ స్థాయి మారే స్వరంగా వినవచ్చు.

టి. నగర్ చుట్టుపక్కల ఈ కథకు భాష అనే మరో ముడి ఉంది. పిట్టి త్యాగరాయ చెట్టి పేరిట వెలిసిన పేట అది. మధ్యలోని పార్కుకు మద్రాసు రాష్ట్ర ప్రధాని పానగల్ రాజా పేరు పెట్టారు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఇలాంటి పేటలో పెరిగిన చూపులేని పిల్లవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకాల్లో ఇంగ్లీషు. బ్రెయిలు మాత్రం ఈ మూడింటి మధ్యా గోడ కట్టలేదు. 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలు భారతీయ భాషలన్నిటికీ ఒక ధ్వనికి ఒకే చుక్కల పొందిక ఇచ్చింది. తెలుగు 'క'కూ తమిళ 'క'కూ ఇంగ్లీషు 'కె'కూ అవే ఒకటో, మూడో చుక్కలు. వేలికి ఉన్న ఈ సౌకర్యం చెవికి లేదు. జాస్ వెంట వచ్చిన గొంతులు ఇంగ్లీషువీ ఐరోపా భాషలవీ. తెలుగు అక్షరం ఎదురైతే అవి మౌనంగా దాటిపోయేవి. జాస్ ధర వెయ్యి డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 1990లలో నగరంలో వీధివీధినా కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు వెలిసిన రోజుల్లో చూపులేని విద్యార్థి బయట నిలబడిపోవడానికి ఈ రెండూ చాలు.

గొంతు లోటు తీర్చే పని చెన్నైలోనూ మొదలైంది. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ ఆర్. కల్యాణకృష్ణన్ నడిపిన సిస్టమ్స్ డెవలప్‌మెంట్ లేబొరేటరీ భారతీయ భాషలన్నిటికీ పనికొచ్చే ఎడిటరు ఒకటి తయారుచేసింది. టైపు చేసిన దాన్ని పైకి చదివి వినిపించడం దాని ప్రత్యేకత. నగరంలోని విద్యావృక్ష సంస్థ దాన్ని చూపులేని విద్యార్థులకు చేర్చింది. ఎవరినీ రాసిపెట్టమని అడగకుండా సొంత భాషలో రాసుకుని, రాసింది విని, తప్పు దిద్దుకోవడం ఆ విద్యార్థులకు కొత్త అనుభవం. తర్వాత 2009 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ నిధులతో పెద్ద ప్రయత్నమే జరిగింది. ఐఐటీ మద్రాసు ప్రొఫెసర్ హేమ మూర్తి సారథ్యంలో పలు సంస్థలు కలిసి తెలుగు, తమిళం, హిందీ, బెంగాలీ, మరాఠీ, మలయాళం భాషలకు మాట్లాడే గొంతులు తయారుచేసి స్క్రీన్ రీడర్లకు జోడించాయి. తెలుగు గొంతు పని హైదరాబాదు ఐఐఐటీలో జరిగింది.

ధర అనే గోడను కూల్చింది మాత్రం ఆస్ట్రేలియా యువకులిద్దరు. మైకేల్ కరన్, జేమ్స్ టే చూపులేనివాళ్లు. చిన్నప్పుడు ఒక సంగీత శిబిరంలో స్నేహితులయ్యారు. చూపున్నవాడు కంప్యూటరు కొంటే తెర ఉచితంగా వస్తుంది, చూపులేనివాడు దాన్ని వినడానికి మళ్లీ కంప్యూటరంత ధర ఎందుకు కట్టాలన్నది వాళ్ల ప్రశ్న. 2006లో కరన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. జొనాథన్ డడింగ్టన్ రాసిన ఈస్పీక్ అనే చిన్న, చురుకైన గొంతు దానితోపాటే వస్తుంది. ఈస్పీక్‌లో తెలుగూ ఉంది. ఆ గొంతులో మనిషి తియ్యదనం లేదు, ఇనుప డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. కానీ వేగం పెంచినా మాట చెదరదు. మామూలు మాటకు రెండు మూడు రెట్ల వేగంతో వినే ప్రోగ్రామర్లకు కావలసింది అదే. ఎన్‌వీడీఏ చాలావరకు పైథాన్‌లో రాసింది కావడంతో, దాన్ని వాడుతూ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాళ్లు దానికే అదనపు హంగులు రాసి పంచుకోసాగారు. భారతదేశంలో చూపులేనివాళ్ల కంప్యూటర్ చదువును ఇంతగా మార్చిన సాఫ్ట్‌వేరు మరొకటి లేదు.

సాఫ్ట్‌వేరు దొరికితే చాలదు, తరగతి గదిలోకి అడుగుపెట్టనివ్వాలి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నా, చూపులేనివాడన్న కారణంతో అతనికి సైన్సు గ్రూపు ఇవ్వలేదు. కోర్టుకు వెళ్లి గెలిచి చదవాల్సి వచ్చింది. ఐఐటీ ప్రవేశానికి దారి దొరక్క అమెరికాలోని ఎంఐటీలో చేరాడు. 2012లో తిరిగొచ్చి హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. అతను ప్రోగ్రామరు కాలేదు. కానీ లెక్కలు, సైన్సు తలుపు మూసి ఉన్నంత కాలం చూపులేని ఇంజనీర్లు ఎక్కణ్నుంచి వస్తారన్నది ఆ కేసు తెలుగునాట బాహాటంగా అడిగిన ప్రశ్న. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమన్నది, సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలనీ అన్నది.

ఆ తలుపు దాటినవాళ్లలో వెంకటేశ్ పొట్లూరి ఒకడు. హైదరాబాదు ఐఐఐటీలో చదివాడు. చూపులేని ప్రోగ్రామరుగా ఈ కష్టాలన్నీ స్వయంగా ఎరిగినవాడు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో అతనూ సహచరులూ కలిసి ప్రోగ్రాములు రాసే పరికరమైన విజువల్ స్టూడియోకు తయారుచేసిన కోడ్‌టాక్ వివరాలు 2018లో, మనిషికీ కంప్యూటరుకూ మధ్య సంబంధం మీద జరిగే సీహెచ్ఐ సదస్సులో ప్రచురితమయ్యాయి. చూపున్నవాళ్లు తెర మీద పని అని తెలియకుండానే చేసేసే పనులేమిటో ముందు ఆ బృందం విడదీసి చూసింది. ఫలానా సౌకర్యం ఉందని కనిపెట్టడం, ఒక్క చూపులో ఫైలు స్వరూపం గ్రహించడం, కావలసిన చోటికి వెళ్లడం, తప్పు జరిగిన క్షణంలోనే తెలుసుకోవడం.

చూపున్నవాడు సెమికోలన్ మరిచిపోతే వెంటనే ఎర్రగీత కనిపిస్తుంది. స్క్రీన్ రీడర్ వాడేవాడికి ప్రోగ్రామును కంపైల్ చేసి, తప్పుల జాబితా తెరిచి, చదివి, వెనక్కి వచ్చేదాకా తెలియదు. కోడ్‌టాక్ ఆ క్షణంలోనే చిన్న శబ్దం చేస్తుంది. ఒక మీట నొక్కితే ఫైలులోని ఫంక్షన్ల జాబితా ఇస్తుంది. మరో మీట నొక్కితే కర్సరు ఏ క్లాస్‌లో, ఏ ఫంక్షన్‌లో, ఏ లూప్‌లో ఉందో చెబుతుంది. అన్నిటికన్నా ముచ్చటైనది టాక్‌పాయింట్. ప్రోగ్రాము నడుస్తూ ఒక వరుసకు చేరగానే ఆగకుండానే ఒక విలువను పలకడమో, స్వరం వినిపించడమో చేస్తుంది. లూపు ఎన్నిసార్లు తిరిగిందో, ఏ దారిన వెళ్లిందో ప్రోగ్రాము నడుస్తుండగానే వినవచ్చు. తప్పు వెతకడంలో చూపున్నవాళ్లకు కూడా ఇంత సూటి సాధనాలు ఎక్కువ లేవు. రామన్ ఒక ఎడిటరులో చేసి చూపించినదే ఇది, లక్షలమంది వాడే పరికరంలోకి వచ్చింది. మధ్యలో 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ బేకర్, లారెన్ మిల్న్, రిచర్డ్ లాడ్నర్ తయారుచేసిన స్ట్రక్ట్‌జంపర్ కూడా ఈ బాటలోనిదే. జావా కోడ్‌ను కొమ్మలు రెమ్మలుగా విడదీసి వినిపించింది అది.

పొట్లూరి తర్వాత అదే విశ్వవిద్యాలయంలో డాక్టరేటుకు చేరాడు, ఆపైన మిషిగన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. 2022లో వచ్చిన కోడ్‌వాక్ ఇద్దరు కలిసి కోడ్ చూసుకునే సందర్భానికి సంబంధించినది. దూరంగా కూర్చున్న సహోద్యోగి ఫైలులో ఎటు కదిలాడో, ఏ వరుస గురించి మాట్లాడుతున్నాడో శబ్దంతో, మాటతో తెలిపి, అవతలి కర్సరును వెంట తీసుకెళుతుంది. 2023లో అతని బృందం, కోడ్, ఫలితం, బొమ్మ ఒకేచోట ఉండే జూపిటర్ నోట్‌బుక్‌లను లక్ష పరిశీలించింది. డేటా సైన్సు పని చాలావరకు ఇవాళ వీటిలోనే సాగుతోంది. వాటిలో కోడ్ గీసిన బొమ్మల్లో 99 శాతానికి పైగా వాటికి వర్ణన లేదు. కొత్త తరం ఉద్యోగాలకు ద్వారమైన పనిముట్టులో, గ్రాఫు ఎదురైన ప్రతిచోటా చూపులేని విశ్లేషకుడికి మౌనమే వినిపిస్తుంది.

ఎడిటర్ల లోకంలో అదే సమయంలో మంచి మార్పూ వచ్చింది. 2015లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్ స్క్రీన్ రీడర్‌ను గుర్తుపట్టి తన నడక మార్చుకుంటుంది. తప్పున్న వరుస, ఆపుగుర్తు, మడిచిన కోడ్ ఎదురైనప్పుడు వేర్వేరు శబ్దాలు చేస్తుంది. ఒకప్పుడు ప్రత్యేక పరిశోధనగా వచ్చిన శబ్ద సంకేతాలు ఇప్పుడు మామూలు ఎడిటరులో భాగమయ్యాయి. ఆ ఎడిటరు కోడ్ తెరిచి ఉండడంతో చూపులేనివాళ్లు తమకు తగిలిన లోపాలను నేరుగా రాసిన వాళ్లకే తెలిపి దిద్దించుకోగలుగుతున్నారు.

పాఠశాలల్లో మాత్రం విజువల్ బేసిక్ నాటి కథ మరో రూపంలో తిరిగొచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రాథమికోన్నత దశ నుంచే కోడింగ్ నేర్పమన్నది. పిల్లలకు కోడింగ్ అంటే చాలాచోట్ల స్క్రాచ్. రంగురంగుల దిమ్మెలను మౌసుతో లాగి ఒకదానికొకటి తగిలించాలి. దీనికి బదులు చూపిన ప్రయత్నాలు కొన్ని ఉన్నాయి. ఆండ్రియాస్ స్టెఫిక్ అమెరికాలో తీర్చిదిద్దిన క్వోరమ్ భాష చూపులేని విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. విరామ చిహ్నాలు తగ్గించి, విన్నప్పుడు తికమక లేని మాటలు ఎంచుకుంది. మైక్రోసాఫ్ట్ కేంబ్రిడ్జ్ ప్రయోగశాలలో పుట్టిన కోడ్ జంపర్‌లో అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలను తీగలతో కలుపుతూ పోతే అదే ప్రోగ్రాము. నడిపితే పాటో కథో వినిపిస్తుంది. ఒక్కో డబ్బా ఒక్కో ఆదేశం, గుబ్బ తిప్పితే విలువ మారుతుంది. 2019 నుంచి అమెరికన్ ప్రింటింగ్ హౌస్ ఫర్ ది బ్లైండ్ దీన్ని పంపిణీ చేస్తోంది. కర్ణాటకలోని అంధుల పాఠశాలల్లో విజన్ ఎంపవర్ సంస్థా, బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధకులూ ఆటల ద్వారా, చేతికి తగిలే వస్తువుల ద్వారా కంప్యూటర్ ఆలోచనను నేర్పే పని చేపట్టారు.